చూసింది రాయాలి

మా అక్క పనిచేసే చోటును హాస్టల్ అంటే ఆవిడ ఊరుకోదు. ఆశ్రమం అంటే అసలే ఊరుకోదు. "ఇల్లు అనవే, నీ నోరేం అరిగిపోదు" అంటుంది. నాలుగు చిన్న కట్టడాలు, మధ్యలో అందరికీ కలిపి ఒక వంటశాల, చుట్టూ నిలువెత్తు గోడ, సంతకం పెట్టందే సొంత చెల్లెల్నయినా లోపలికి పోనివ్వని వాచ్‌మన్. దాన్ని ఇల్లనాలట. కన్నవాళ్ళు లేకో, ఉన్నా చూసుకోలేకో, వాళ్ళ దగ్గర ఉంచితే ప్రమాదమనో తీసుకొచ్చిన పిల్లలు అక్కడ ఉంటారు. రెండో నంబరు ఇంట్లో పదిమంది ఆడపిల్లలకు మా అక్క ఇరవై రెండేళ్ళుగా పెద్దమ్మ. పెళ్ళి చేసుకోలేదు. వారానికి ఒకటిన్నర రోజు సెలవు మీద మా ఇంటికొస్తుంది, వచ్చి ఆ ఒకటిన్నర రోజూ అక్కడి కబుర్లే చెబుతుంది. "సెలవు మీ అక్కయ్యకిచ్చారు గానీ ఆ పిల్లలకివ్వలేదు" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అక్కకు కోపం ఇంటి అడ్రసే తెలియదు. ఆ పనికి అలాంటి మనిషే ఉండాలి, ఒప్పుకుంటాను. ఐదేళ్ళ పిల్ల గదిలోకి వెళ్ళాలన్నా తలుపు తట్టి వెళ్తుంది. నిద్రలేపేటప్పుడు ఒంటి మీద చెయ్యి వెయ్యదు, మంచానికి కాళ్ళవైపు నిలబడి పిలుస్తుంది. స్నానాలగదికి లోపలి గడియ పెట్టించడానికి సూపరింటెండెంటుతో ఆరునెలలు పోరాడింది. కొత్తగా వచ్చిన పిల్లను ఏ ప్రశ్నా అడగదు. "అప్పటికే పోలీసులు, డాక్టర్లు, ఆఫీసర్లు అడిగి అడిగి నమిలేసి ఉంటారే. చెప్పాలనిపించిన రోజున వాళ్ళే చెబుతారు" అంటుంది. మాట నిజమే. ఆ నిజమే తరవాత కొంప ముంచింది.

ఆవిడకు ఇంకో అలవాటు ఉంది, రోజు పుస్తకం. పిల్లకో పేజీ. సాయంత్రం ఆరింటికి డ్యూటీ మారేలోపు ఆ రోజు సంగతులు రాయాలి. "చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు" అని కొత్తగా చేరిన ప్రతి ఆయాకూ నూరిపోస్తుంది. కోపంగా ఉంది అని రాయకూడదు, పళ్ళెం నేలకేసి కొట్టింది అని రాయాలి. దీనికీ కారణం లేకపోలేదు. ఎప్పుడో ఎవరో మహాతల్లి ఒక పిల్ల పేజీలో 'దొంగబుద్ధి' అని రాసి పారేసింది. ఆ పిల్ల నాలుగు ఊళ్ళు మారితే నాలుగు చోట్లా ఆ మాట పిల్లకంటే ముందు చేరింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు గానీ, కాగితం ఎక్కిన మాటకు ఇంకా పెద్ద కాళ్ళుంటాయి. అందుకే మా అక్క కళ్ళతో చూసింది తప్ప ఒక్క అక్షరం రాసేది కాదు. ఏ పిల్ల ఎక్కడుండాలో తేల్చే కమిటీ వాళ్ళు ఆవిడ పేజీలను కళ్ళు మూసుకుని నమ్మేవాళ్ళు.

పోయిన ఏడాది ఆ ఇంటికి అక్కాచెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. పెద్దదానికి పదేళ్ళు, చిన్నదానికి ఐదు. చెల్లెలు స్నానానికి వెళ్తే అక్క తలుపు బయట నిలబడేది. చెల్లెలు ఆడుకుంటుంటే అక్క గోడకానుకుని నాలుగు దిక్కులూ చూసేది. మిగతా పిల్లలు రెండో రోజుకే దానికి పోలీసు అని పేరు పెట్టేశారు. చిన్నది బుల్లి. పోలీసు ఎక్కువ మాట్లాడదు. బుల్లి మాత్రం వాగుడుకాయ, చీమ కనిపించినా ఆగి పలకరిస్తుంది.

వచ్చిన వారంలోనే మా అక్క ఒకటి చూసింది. మధ్యాహ్నం వంటశాలలో భోజనాల బల్ల దగ్గర పోలీసు హఠాత్తుగా చెల్లెలి మోచేతి పైన పట్టుకుని గట్టిగా గిల్లింది. బుల్లి కెవ్వుమంది. మూడు రోజులకు మళ్ళీ అదే పని. మా అక్క మెల్లగా చెప్పి చూసింది, పిల్ల తల వంచుకుంది. కుర్చీ మార్చి బల్లకు ఆ చివర కూర్చోబెట్టింది. అక్కణ్ణుంచి లేచి పరిగెత్తుకొచ్చి మరీ గిల్లింది. బుల్లి చేతి మీద నల్లటి మచ్చలు తేలాయి. మా అక్క అన్నీ తేదీలతో సహా రాసింది. నెలన్నరలో తొమ్మిదిసార్లు. ఎందుకు గిల్లుతున్నావని అడగలేదు. ఆవిడ పద్ధతి అది.

ఆ కమిటీలో ముగ్గురుంటారు. కమిటీ పెద్ద రిటైరైన హెడ్మాస్టరమ్మ. ఒక్క పూటలో నలభై ఫైళ్ళు చూడాలి వాళ్ళు. తొమ్మిది గిల్లుళ్ళు చూశారు, మచ్చల ఫొటోలు చూశారు. చిన్నపిల్ల క్షేమం దృష్ట్యా బుల్లిని నాలుగు గంటల దూరంలో ఉన్న ఇంకో ఊరి ఇంటికి పంపమన్నారు. వాళ్ళనీ పూర్తిగా తప్పుపట్టలేను. తిలాపాపం తలా పిడికెడు.

బుల్లిని తీసుకెళ్ళే జీపు వచ్చిన రోజు పోలీసు ఏడవలేదు. మా అక్క దగ్గరికొచ్చి, "అక్కడ వంటశాల దూరంగా ఉంటుందా పెద్దమ్మా?" అని అడిగింది. తెలీదమ్మా అంది అక్క. ఆ సాయంత్రం ఆ మాట కూడా పేజీలో రాసిందట. అర్థం కాకుండానే రాసింది.

మూడో వారంలో ఆ ఊరి ఇంటి నుంచి ఫోనొచ్చింది. బుల్లి భోజనం దగ్గర నీలంగా మారి, కట్టెలా బిగుసుకుని పడిపోతోందట. అప్పటికి రెండుసార్లు ఆస్పత్రికి పరుగెత్తారట. ఇంతకుముందేమైనా జబ్బుందా అని అడిగారు. మా అక్క ఫోను పెట్టేసి, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి తనంతట తాను ఒక పిల్లను ప్రశ్న అడిగింది.

"చెల్లికి భోజనం దగ్గర ఏమవుతుందమ్మా?"

"ఏం కాదు" అంది పోలీసు.

"నీలంగా అయిపోయి పడిపోతోందట."

పిల్ల ముఖం పాలిపోయింది. "అక్కడెవరూ గిల్లట్లేదా?" అంది.

తరవాత విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. వాళ్ళింట్లో నాన్న తాగొచ్చిన రోజున మొదట గిన్నెలు విసిరేవాడు. ఆ తరవాత మనుషుల మీద పడేవాడు. అప్పట్నుంచి గిన్నెల చప్పుడు వింటే బుల్లి ఊపిరి బిగబట్టేస్తుంది. ఇక్కడ వంటశాలలో అంట్లు తొట్టిలో దబదబా పడేస్తారు. "గిల్లితే ఏడుస్తుంది. ఏడిస్తే ఊపిరొస్తుంది" అంది పోలీసు. ఎంత వేగంగా గిల్లేదంటే, చెల్లెలు బిగుసుకోవడం ఎవరి కంటా పడేది కాదు.

"మరి నాకు చెప్పలేదేం తల్లీ?"

"మీరు అడగలేదుగా. జబ్బు పిల్లల్ని వేరే చోట పెడతారని మా పక్కింటావిడ చెప్పింది. అందుకే నేనే చూసుకున్నా."

ఆ వారం మా అక్క సెలవుకొచ్చి కబుర్లేమీ చెప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే ఇదంతా చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "తగలెయ్ నీ పుస్తకం! చిన్నప్పుడు నన్నెన్ని మొట్టికాయలు మొట్టావు? అవన్నీ ఎవరైనా రాసుంటే మననీ విడదీసేవాళ్ళు కదా!" అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా పట్టుకుంది. కమిటీ ముందుకు వెళ్తానంటే సూపరింటెండెంటు గాభరాపడ్డాడు. "మీ రాతే తప్పంటే మిగతా పిల్లల ఫైళ్ళ గతేంటమ్మా? మీ ఉద్యోగం గతేంటి?" అన్నాడు. అయినా వెళ్ళింది.

"ఇన్నేళ్ళూ మీ రాత నమ్మాం. ఇప్పుడు నమ్మొద్దంటారా?" అని అడిగింది హెడ్మాస్టరమ్మ.

"ఆ తొమ్మిదీ నమ్మొద్దండి."

"అబద్ధం రాశారా?"

"లేదండి. గిల్లడం చూశాను, రాశాను. దానికి ముందు క్షణం చూడలేదు. చూడలేదన్న సంగతి రాయలేదు."

హెడ్మాస్టరమ్మ చాలాసేపు ఫైలు తిరగేసింది. చివరికి, పిల్లలిద్దరినీ ఒకసారి కలపండి, ఒక ఆఫీసరు దగ్గరుండి చూసి రాస్తుంది, ఆ తరవాత ఆలోచిద్దాం అంది. ఆ కలయిక తేదీ రావడానికి రెండు నెలలు పట్టింది.

అక్క తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. నాలుగు గంటల బస్సు ప్రయాణంలో పోలీసు కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, పెట్టినదేదీ తినలేదు. అక్కడ నన్ను గుమ్మం బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు తీసే ఉంది. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, చక్రాలు ఊడిన బొమ్మకార్ల పెట్టె, మూలన ఒళ్ళో కాగితాలు పెట్టుకున్న చిన్నవయసు ఆఫీసరమ్మాయి. బుల్లి పరిగెత్తుకొచ్చి పోలీసు ఒళ్ళోకి ఎక్కింది. ఊడిన పన్ను సందు చూపించింది. ఎలుక తీసుకుపోయిందని, ఆ ఎలుకకు తన పన్ను సరిపోయిందో లేదోనని ఒకటే గొడవ. పోలీసు నవ్వింది. ఆ పిల్ల నవ్వగా నేను చూడడం అదే మొదలు. నా కడుపు చల్లబడింది.

ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, వరండాలో తుడిచే ఆవిడ చేతిలోంచి ఇనుప బకెట్ జారి నేల మీద పడింది.

బుల్లి మాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. పోలీసు చెయ్యి అలవాటుగా పైకి లేచింది. లేచి, గాల్లో ఆగింది. ఆ పిల్ల ఆఫీసరు చేతిలోని పెన్ను వైపు చూసింది. తరవాత రెండు చేతులూ తొడల కింద దూర్చేసుకుంది.

"గిల్లమ్మా, ఏం కాదు, గిల్లు" అంది మా అక్క.

"వద్దు పెద్దమ్మా. రాస్తారు."

బుల్లి పెదాలు నీలంగా మారుతున్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఏ పిల్ల మీదా చెయ్యెత్తని మా అక్క లేచి వెళ్ళి ఆ పసిదాని చెయ్యి పట్టుకుని గిల్లింది. బుల్లి గొల్లుమంది. ఆ ఏడుపు నా చెవులకు అంత ఇంపుగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆఫీసరమ్మాయి లేచి నిలబడింది. "ఏం చేస్తున్నారు మీరు?"

"రాసుకోండమ్మా. గిల్లింది నేనే. దానికి ముందు పాప పెదాలు ఏ రంగులో ఉన్నాయో కూడా రాయండి" అంది అక్క.

ఆ అమ్మాయి మంచిది, రెండూ రాసింది. మొదటి వాక్యానికి మా అక్కకు మెమో వచ్చింది. ఉద్యోగంలో మొదటి మెమో. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అని నేను తిట్టిపోశాను. ఆవిడ దాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుంది. రెండో వాక్యం చూసి కమిటీ బుల్లిని పిల్లల డాక్టరుకు చూపించింది. ఈ వయసులో కొందరికి ఉంటుంది, పెరిగేకొద్దీ పోతుంది, పక్కకు తిప్పి పడుకోబెడితే ఊపిరి దానంతటదే వస్తుంది, గిల్లనక్కర్లేదు అని డాక్టరు చెప్పాడు. ఆ మాట పోలీసు ఎదుటే చెప్పాడు. రెండేళ్ళుగా చెల్లెలికి ఊపిరి తానే పోస్తున్నాననుకున్న పిల్ల ఆ మాట విని ఏమనుకుందో ఎవరికీ చెప్పలేదు.

బుల్లి తిరిగొచ్చింది. విడదీసిన అయిదు నెలలకు. ఈలోపు మా అక్క అంట్ల తొట్టిలో రబ్బరు పట్టాలు వేయించింది. "గిన్నెలకు పరుపులైతే వేశారు, దిండ్లు ఎప్పుడు తెస్తారు?" అని వంటమనిషి సణిగింది గానీ, గిన్నెలు మాత్రం నెమ్మదిగానే పెడుతోంది. రెండో ఇంటి పిల్లలకు భోజనాలు వాళ్ళ వరండాలోకి మారాయి. రోజు పుస్తకం మానలేదు, కాకపోతే ఇప్పుడు రాసింది ఆ పిల్లకే చదివి వినిపించి, ఇంకేమైనా ఉందా అని అడుగుతుంది.

పోయిన వారం గేటు దగ్గర సంతకం పెట్టి నేనూ వెళ్ళాను. వరండాలో కూర్చున్నాం. బుల్లి చీమల వెనకాల పరిగెడుతూ మెట్టు తట్టుకుని బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది, గుక్కపట్టి ఏడుస్తోంది. రెండడుగుల దూరంలోనే పోలీసు ఉంది. చటుక్కున లేచింది. కానీ చెల్లెలి దగ్గరికి పోలేదు. మా అక్క వైపు తిరిగింది.

"పట్టుకోనా పెద్దమ్మా?"

"నీ చెల్లెలమ్మా, అడగక్కర్లేదు" అంది మా అక్క.

అప్పుడు వెళ్ళి ఎత్తుకుంది. బుల్లి తిరిగొచ్చి మూడు నెలలయింది. జడ వెయ్యాలన్నా, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళాలన్నా ఇంతేనట. అడగక్కర్లేదని మా అక్క ప్రతిసారీ చెబుతుంది. ఆ పిల్ల ప్రతిసారీ అడుగుతుంది.