పోయిన దారినే

ఆదివారం పొద్దున్నే అమ్మను, ఏడేళ్ల నా కూతుర్ని పార్కుకు తీసుకుపోయాను. పైకి చెప్పింది వాకింగ్ అని. లోపలి సంగతి పరీక్ష. పరీక్ష అమ్మకు. ఆ మాట నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

పరీక్ష ఎందుకో ముందు చెప్పాలి. అమీర్‌పేటలో నాదొక చిన్న దర్జీ దుకాణం. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు ఇప్పుడెవరున్నారు. కోచింగ్ కోసం హాస్టళ్లలో ఉండే పిల్లలు కొనుక్కొచ్చిన జీన్స్ ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, అదే నా బతుకు. మా ఆవిడ లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. కాబట్టి బడి వదిలాక పాపను ఇంటికి తెచ్చేది అమ్మే. బడి పంజాగుట్ట వైపు, ఇంటికి పదిహేను నిమిషాల నడక. బడి వదిలేది మూడున్నరకు. అమ్మ రెండున్నరకే చీర మార్చుకుని, తల దువ్వుకుని, చేతిసంచిలో నీళ్ల సీసా పెట్టుకుని తయారుగా కూర్చుంటుంది. ఏ ఆఫీసులోనూ అంత శ్రద్ధగా డ్యూటీ చేసేవాళ్లను నేను చూడలేదు.

ఆ ముందు వారం ఒకరోజు వాళ్లిద్దరూ ఇల్లు చేరేసరికి ఐదయింది. పక్కింటావిడ ఫోన్ చేసి ఇంకా రాలేదని చెప్తే, కత్తెర ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తాను. నేను ఇంట్లో అడుగుపెట్టేసరికి నానమ్మా మనుమరాలూ తాపీగా చాయ్‌లో రస్కులు ముంచుకుని తింటున్నారు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే అమ్మ ఒక్కటే మాట చెప్పింది.

"దారి లేకుండె."

బడి నుంచి మా ఇంటికి మూడు దారులున్నాయి. ఆటోవాళ్లకు తెలిసిన సందులు కలుపుకుంటే ఐదు. దారి లేకపోవడమేమిటో నాకర్థం కాలేదు. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. పాప ఏదో జేసీబీ గురించి చెప్పబోయింది కానీ, నోరు మూసుకుని రస్కు తినమన్నాను. ఆ రాత్రి మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "అత్తమ్మకు యాది తప్పుతున్నట్టుంది. ఇంక పిల్లను తెమ్మనొద్దు. వ్యాన్ మాట్లాడుదాం."

అమ్మకు డెబ్బై రెండు. ఆ మధ్య పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. నేనూ ఒక ప్యాంటును రెండుసార్లు పొట్టి చేసి కస్టమర్‌తో తిట్లు తిన్నాను, కానీ నాకు నలభై ఆరే కాబట్టి దాన్ని పరధ్యానం అన్నారు. అమ్మది మాత్రం జబ్బేమో. ఏమీ తేలలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్లను పంపితే భయం, పంపకపోతే అమ్మ రెండున్నరకు చీర మార్చుకుని ఎక్కడికి పోతుందన్న బాధ. అందుకని, నాకు నేనే గొప్ప తెలివైనవాణ్ణి అనుకుని, పార్కు ఆలోచన చేశాను.

మా పార్కు చిన్నది. మధ్యలో ఉయ్యాలలు, కానుగ చెట్లు, గుబురుగా పెరిగిన మొక్కలు. వాటి చుట్టూ టైల్స్ పరిచిన బాట. బాట గేటు దగ్గర మొదలై, ఆ చివర పంపు రూము మీదుగా చుట్టు తిరిగి, మళ్లీ గేటు దగ్గరికే వస్తుంది. అందరూ ఒకే వైపు నడవాలని తెల్ల రంగుతో బాణాలు కూడా గీశారు. తప్పిపోదామన్నా వీలుకాని చోటు. ఇందులో తప్పిపోతే ఇక వ్యాన్ మాట్లాడాల్సిందే అని లోపల ఒక గీత గీసుకున్నాను.

గేటు పక్క బెంచీ మీద కూలబడి, "మోకాలు గుంజుతుందమ్మా. మీరిద్దరు ఒక రౌండ్ కొట్టి ఈడికే రండి. నేను కూసుంటా" అన్నాను.

"ఏ మోకాలు?" అన్నది అమ్మ.

ఒక్క క్షణం తడుముకుని కుడిది అన్నాను. ఆమె నా రెండు మోకాళ్లనూ చూసి, సంచిలోంచి ఫోన్ తీసి బరువుగా ఉందని నా చేతికిచ్చి, పాప చెయ్యి పట్టుకుని బాణాలు చూపించే వైపే బయల్దేరింది. మొదటి మార్కు పడిందనుకున్నాను.

ఒక రౌండుకు నాకు ఆరు నిమిషాలు పడుతుంది. అమ్మ నడకకు పది వేసుకున్నాను. పది నిమిషాలైంది. వాళ్లు రావాల్సిన వైపే రెప్ప వేయకుండా చూస్తున్నాను. చెవుల్లో ఏవో పెట్టుకున్న కుర్రాళ్లు వచ్చారు, కుక్కను నడిపించుకుంటూ ఒకావిడ వచ్చింది, వీళ్లు రాలేదు. పన్నెండు నిమిషాలకు లేచి, ఎదురుపోదామని బాట చివరి వైపు నుంచి లోపలికి నడిచాను. అంటే బాణాలకు ఎదురుగా.

"అన్నా, ఉల్టా వస్తున్నవ్. జర బాణం చూడు" అన్నాడొకడు. జవాబివ్వకుండా, ముసలామె, ఎర్ర గౌను పాప కనబడ్డారా అని అడిగాను. కనబడ్డారు, ముందుకు పోతున్నారు అన్నాడు. కాస్త దూరం పోయాక ఒక పెద్దాయనను అడిగితే, "వాళ్లా, జరసేపు కింద నాకు ఎదురొచ్చిండ్రు" అన్నాడు. అందరూ ఒకే వైపు నడిచే చోట ఎదురెట్లా వస్తారు. ఎదురొచ్చేది నేనొక్కణ్ణే. పెద్దాయనకే మతి సరిగ్గా లేదని తీర్మానించుకుని ముందుకు పోయాను. ఆ పొద్దు నాకు కనబడిన ముసలివాళ్లందరికీ నేనే డాక్టర్ని.

పంపు రూము దాకా వచ్చాను. అక్కడా లేరు. దాని పక్కన ఎప్పుడూ తాళం వేసి ఉండే చిన్న గేటు ఆ రోజు ఊడ్చేవాళ్ల కోసం తెరిచి ఉంది. తల బయటపెట్టి చూశాను. హాస్టళ్ల గల్లీ. పిట్టగోడల మీద ఆరేసిన బట్టలు, ఇడ్లీ బండి చుట్టూ మూగిన జనం, ఎర్ర గౌను లేదు. ఈ గల్లీలోకి పోయి వెతకాలా, మిగిలిన బాట చూడాలా. రెండడుగులు గల్లీలోకి వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ వేశాను. అమ్మకు ఫోన్ చేశాను. అది నా జేబులోనే మోగింది. మా ఆవిడకు ఏం చెప్పాలో తోచలేదు. పిల్లను చేతులారా పోగొట్టి, అమ్మ మీద నింద వేయడానికి చోటు వెతుక్కుంటున్నానని అప్పుడు నాకే తెలిసి సిగ్గేసింది.

మిగతా బాటంతా దాదాపు ఉరికాను. ఎక్కడా లేరు. బాట మొత్తం చుట్టి, చెమటలు కక్కుతూ గేటు దగ్గరికొచ్చేసరికి, నేను కూర్చున్న బెంచీ మీదే ఇద్దరూ కూర్చుని ఉడకబెట్టిన పల్లికాయ ఒలుచుకుంటున్నారు.

"ఏడికి పోయినవ్‌రా? మోకాలు గుంజుతుందంటివి" అన్నది అమ్మ.

"మీరెటు నుంచి వచ్చిండ్రు?"

"పోయిన దారినే. గా పంపు రూము దాక పోయినం, మర్లి వచ్చినం."

"రౌండ్ కొట్టి రమ్మన్న గదనే."

"పోయి వచ్చుడే గదరా రౌండంటే."

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. అమ్మ పుట్టిల్లు మగ్గాల ఇల్లు. చిన్నప్పుడు వాళ్ల వీధిలో కర్రలు పాతి, ఈ చివరి నుంచి ఆ చివరికి నూలు పోసుకుంటూ పోయి, మళ్లీ అదే దారిలో పోసుకుంటూ వచ్చేవారట, చీరకు నిలువు పోగుల పడుగు తయారు చేయడానికి. పెళ్లయ్యేదాకా రోజూ ఆమెది అదే నడక. పక్క నుంచి చుట్టు తిరిగొస్తే పోగులు చిక్కుపడతాయి, వీపు మీద వాళ్లమ్మ దెబ్బ పడుతుంది. "పోయిన దారినే రావాలె" అని నా చిన్నప్పుడు కూరగాయలకు పోయినా, పెళ్లికి పోయినా అనేది. దగ్గరి దారి ఉన్నా వచ్చేది కాదు. నేనూ మా చెల్లీ ఆ మాట అనుకరించి నవ్వుకునేవాళ్లం. అంత తెలిసిన సంగతిని నేనెట్లా మరిచిపోయానో నాకిప్పటికీ అంతుబట్టదు.

"అయితే ఆ రోజు బడి నుంచి?" అన్నాను.

"జేసీబీ వచ్చిందని చెప్పిన గద డాడీ" అన్నది పాప, పల్లికాయ నముల్తూ.

"నేను పోయేటప్పుడు గల్లీ మంచిగనే ఉండె" అన్నది అమ్మ. "పిల్లను తీసుకొని వచ్చేవరకు మొత్తం తవ్విపెట్టిండ్రు. మీద చెక్క ఏసేదాక గట్టు మీద కూసున్నం."

"పక్క గల్లీలకెళ్లి రావచ్చు గదమ్మా."

"అది మనం పోయిన దారి కాదు గద."

సంతోషించాలో భయపడాలో తెలియలేదు. దీన్ని తెలివి అనాలా, మొండితనమనాలా, వయసనాలా. ఏదని చెప్పి మా ఆవిడను ఒప్పించాలి. నేను ఈ తర్జనభర్జనలో ఉండగానే అమ్మ ఒళ్లోని పొట్టు దులుపుకుంది.

"పరీక్ష పెట్టినవారా నాకు?"

నేను కుడి మోకాలు రుద్దుకున్నాను.

"పిల్ల నీది. రేపటి సంది నువ్వే తెచ్చుకో" అని, తన చేతిలో ఉన్న పాప చేతిని తీసి నా చేతిలో పెట్టింది. కోపంగా కాదు. కుట్టిన బట్ట మడతపెట్టి ఇచ్చినట్టు ఇచ్చింది. ఇంటిదాకా మా ముందు ఒక్కతే నడిచింది. ఆ నడక చూస్తే నాకు ఏడుపొచ్చింది.

సోమవారం మూడింటికి దుకాణం షట్టర్ దించి బయల్దేరాను. దగ్గరని ఒక సందులో దూరితే అక్కడ నీళ్ల ట్యాంకర్ అడ్డం, ఇంకో సందులో దూరితే అది ఎవరింటి ముందో ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా ఉంటున్న చోట దారి తెలియక తికమకపడి, మూడూ నలభైకి రొప్పుతూ బడి దగ్గర తేలాను. పాప గేటు బయట లేదు.

రోడ్డుకు అవతల, కరెంటు స్తంభం పక్కన ఇద్దరూ నిలబడి ఉన్నారు. అమ్మ చీర మార్చుకుంది, తల దువ్వుకుంది, భుజాన సంచి ఉంది.

"నువ్వు టైముకు వస్తవో రావోనని వచ్చిన" అన్నది. సీసా తీసి ముందు పాపకిచ్చి, తర్వాత నాకిచ్చింది. "తాగు. ఉరికినట్టున్నవ్."

తాగాను. సీసా తిరిగిస్తూ, "రేపు కూడా వస్తవా అమ్మా?" అన్నాను.

ఆమె పాప చెయ్యి పట్టుకుని, తాను వచ్చిన దారి వైపు తిరిగింది.

"నువ్వు పోయి దుకాణం తెరుచుకో" అన్నది.