‘ఎవ్వలకు చెప్పకు’ అన్న మాట

నా నోటికి మాటనిచ్చి, ఆ మాటకు కావలి ఉండడం ఆలస్యంగానైనా నేర్పిన దేవునికి స్తోత్రం. ఇరవై రెండేళ్లు పుస్తకాల మధ్య కూర్చోబెట్టి, నేను తప్పు చేసిన రోజున కూడా నన్ను విడువని ఆయనకే మహిమ. ఇక్కడ రాసేది నా గొప్పతనం కాదు. నా పొరపాటు, ఆయన కనికరం.

కరోనా సెలవుల తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన రెండో ఏడు. కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు ఎక్కువగా చదివే ఒక యూనివర్సిటీ కాలేజీలో నేను లైబ్రరీ అసిస్టెంట్‌ని. ఏ కాలేజీ అన్నది అడగవద్దు. ఇష్యూ కౌంటర్, అంటే పుస్తకాలు ఇచ్చి తిరిగి తీసుకునే బల్ల, నాది. దాని పక్కనుండే గేట్ రిజిస్టర్ కూడా నాదే. లోపలికి వచ్చే ప్రతి విద్యార్థీ పేరు, క్లాసు, వచ్చిన టైము, పోయిన టైము తన చేత్తో రాయాలి. చాలాచోట్ల పిల్లలు పైవాడు రాసిన టైము కింద రెండు చుక్కలు పెట్టి పోతారు. నా దగ్గర చుక్కలు చెల్లవు. గోడ గడియారం చూసి నిమిషంతో సహా రాయమంటాను. వాళ్లు నా వెనక నన్ను ‘నిమిషాల ఆంటీ’ అంటారని నాకు తెలుసు.

ఆ ఏడు మొదట్లోనే ఒక సర్క్యులర్ వచ్చింది. అటెండర్ ఫైలు తెచ్చి బల్ల మీద పెడతాడు, మనం చదివినట్టు సంతకం పెట్టి పక్క సెక్షన్‌కు పంపుతాం. పైపైన చూశాను. లైంగిక వేధింపు గురించి ఏ విద్యార్థి అయినా ఏ ఉద్యోగికైనా చెప్పుకుంటే, ఆ ఉద్యోగి మరుసటి పనిదినం లోపల ఇంటర్నల్ కమిటీకి తెలియజేయాలని ఉంది. ఇంటర్నల్ కమిటీ అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి చట్టం ప్రకారం ఏర్పాటు చేసేది. ఇది పాఠాలు చెప్పేవాళ్లకు, హాస్టల్ వాళ్లకు అనుకున్నాను. సంతకం పెట్టి పంపేశాను.

ఆ అమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ రెండో ఏడు. ఆసిఫాబాద్ దగ్గరి పల్లె, పత్తి పండించే కుటుంబం. తాతల కాలం నుంచి మిషన్ సంఘంలో ఉన్నవాళ్లు. ఆదివారం ఆరాధనలో నా వెనక బెంచీలో కూర్చునేది. మంచి గొంతు.

నాకు మొదట అనుమానం కలిగించింది రిజిస్టరే. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం ఆమె పేరు కనపడుతోంది. రెండు ఇరవై. రెండు పద్దెనిమిది. రెండు ఇరవై ఐదు. ఆ టైములో ఎమ్మెస్సీ వాళ్లు ప్రాజెక్ట్ పని మీద ల్యాబ్‌లో ఉండాలి. ఈమె మాత్రం బైండు చేసిన పాత పేపర్ల బీరువాల వెనక, పుస్తకం తెరవకుండా కూర్చునేది. రెండుసార్లు అడిగితే తలనొప్పి అన్నది. మూడోసారి నేను ఏమీ అడగకుండా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

అప్పుడు చెప్పింది. ప్రాజెక్ట్ గైడ్‌గా ఉన్న సారు ఆ రెండు రోజుల్లో తూకాల గదిలోకి, అంటే ల్యాబ్ పక్కన త్రాసులుండే చిన్న గదిలోకి, ఒక్కదాన్నే పిలుస్తున్నాడు. చేయి పట్టుకున్నాడన్న దగ్గర మొదలుపెట్టి మిగతాది నేల చూస్తూ చెప్పింది. అది నేను రాయను. ఫోన్‌కు వచ్చిన మెసేజీలు చూపించింది. ప్రాజెక్ట్ మార్కులు ఆయన చేతిలోవే.

“ఎవ్వలకు చెప్పకు ఆంటీ,” అన్నది. “బాపుకు తెలిస్తే సదువు బంద్ పెట్టిస్తడు. ఇంక నాలుగు నెలలే.”

“చెప్ప బిడ్డా. ఎవ్వలకు చెప్ప. దేవునికి చెప్త,” అన్నాను.

ఆ సాయంత్రం సర్క్యులర్ గుర్తు రాలేదని అంటే అబద్ధం. గుర్తొచ్చింది. కానీ ఒక బిడ్డకు మాట ఇచ్చాను, ఇచ్చిన మాట దేవుడు విన్నాడు, కాగితం కోసం దాన్ని ఎట్లా తప్పుతాను అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు సులువుగా కూడా ఉంది. కమిటీ గదికి పోతే ఆ సారుకు ఎదురు నిలబడాలి. మోకాళ్ల మీద ఉంటే ఎవరికీ ఎదురు నిలబడనక్కర లేదు.

బుధవారం మా స్త్రీల సమాజం కూడుకుంది. మాలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థనకు ముందు ఒక్కొక్కరు తమ విన్నపం పైకి చెప్పాలి. కొడుకు ఉద్యోగం, మోకాళ్ల నొప్పి, బోరు ఎండిపోవడం, అన్నీ అక్కడ చెప్పుకుంటాం. నా వంతు వచ్చినప్పుడు, మా కాలేజీలో సైన్సు చదివే బిడ్డ ఒకతె, ఆసిఫాబాద్ దిక్కుది, ఒక సారు వల్ల కష్టంలో ఉంది, ఆమె కోసం ప్రార్థించండి అన్నాను. పేరు చెప్పలేదు. పేరు చెప్పలేదు కాబట్టి మాట తప్పలేదని నాకు పూర్తి నమ్మకం. నాతో కలిసి పన్నెండు మంది స్త్రీలు కన్నీళ్లతో ప్రార్థించారు. తేలికపడిన మనసుతో ఇంటికి పోయాను.

ఆ పన్నెండు మందిలో రూతమ్మ ఒకరు. ఆమె చెల్లెలు కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో అటెండర్. ఏ సారు, ఏ పిల్ల అని రూతమ్మ చెల్లెలిని అడిగింది. చెడు ఉద్దేశంతో కాదు, వివరంగా ప్రార్థించాలని. ఆ ప్రశ్న డిపార్ట్‌మెంట్‌లో ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకింది. ఆసిఫాబాద్ నుంచి వచ్చి సైన్సు చదివే క్రైస్తవుల పిల్ల మా కాలేజీలో ఒక్కతే ఉందని నాకు తోచనే లేదు.

శుక్రవారం ఆ అమ్మాయి బీరువాల వెనక్కి పోలేదు. కౌంటర్ ముందే నిలబడింది.

“ఆంటీ, ఎవ్వలకన్న చెప్పినవా?”

నా జవాబు కోసం ఆగకుండా ఆమే చెప్పింది. సారు పొద్దున ల్యాబ్‌లో నలుగురి ముందు నవ్వుకుంటూ అడిగాడట: “ఏమమ్మా, మీ చర్చిల నా కొరకు మస్తు ప్రార్థనలైతున్నయట గదా. మార్కులకు గూడ ఆయన్నే అడుగు.”

నేను చేసింది చెప్పాను. ఆమె ఏడవలేదు. “దేవునికి చెప్తనన్నవు గదా ఆంటీ,” అన్నది. రిజిస్టర్ తిప్పుకుని పోయే టైము రాసింది. రెండు ముప్పై ఒకటి. పోయింది.

ఆ గంటే కౌంటర్ మూసి కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గరికి పోయాను. ప్రిసైడింగ్ ఆఫీసర్ అంటే కమిటీకి పెద్ద. ఆమె హుజూరాబాద్ వైపు నుంచి వచ్చిన సీనియర్ ప్రొఫెసర్, మాట తక్కువ. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఆమె ఫైలు తీసి సర్క్యులర్ మీద నా సంతకం చూపించింది.

“చర్చిల పన్నెండు మందికి చెప్పినవు. ఈ ఒక్క గదిల చెప్పనీకి భయమైందా సువార్తమ్మా?”

“ఎవ్వలకు చెప్పొద్దని మాట తీసుకుంది మేడం.”

“ఎవ్వలకు అంటే ఎవ్వలకు? నువ్వు అడిగినవా?”

అడగలేదు. ఆ అమ్మాయి ‘ఎవ్వలకు’ అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది బాపు. నేను దాన్ని కమిటీ అనుకున్నాను. సంఘం అనుకోలేదు. ఒక్క మాటను నాకు వీలైనట్టు కోసుకున్నాను.

మేడం నాకు అప్పుడు విడమరిచి చెప్పింది. కమిటీకి తెలియజేయడం వేరు, ఫిర్యాదు వేరు. తెలియజేయడం ఉద్యోగి పని. ఫిర్యాదు రాసి ఇవ్వాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. పేర్లు గది దాటవు. అడిగితే గైడ్‌ను మార్చవచ్చు. ఆమె మేజర్, ఇంటికి కబురు చేయాలా వద్దా ఆమెను అడిగే తేల్చాలి. ఇవన్నీ ఆ కాగితం రెండో పేజీలో ఉన్నాయి. నేను తిప్పని పేజీ.

నివేదిక రాసిచ్చి, ఆ అమ్మాయిని వెతికి నేనే చెప్పాను.

“మల్ల చెప్పినవా?” అన్నది.

“చెప్పిన బిడ్డా. నిన్ను అడగకుండ చెప్పిన. ఇగ రాసిచ్చుడు, రాసియ్యకపోవుడు నీ చేతిల ఉంది. బాపును పిలువరు. ఆ మాట మేడంతోని నువ్వే అనిపించుకో.”

మూడు రోజులు నా వైపు చూడలేదు. నాలుగో రోజు మేడం గదికి పోయింది. రాసిచ్చింది. గైడ్‌ను వెంటనే మార్చారు.

విచారణలో నన్ను సాక్షిగా పిలిచారు. సాక్ష్యం అనే మాట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా సంఘంలో సాక్ష్యం అంటే లేచి నిలబడి, దేవుడు నాకేం చేశాడో గుండె నిండా చెప్పడం. ఇక్కడ గుండె ఎవరికీ అక్కరలేదు. ఏం చూశావు, ఏం విన్నావు, ఎప్పుడు? నేను ‘ప్రభువు నడిపింపుతో’ అని మొదలుపెడితే మేడం చేయెత్తి, “తారీఖు చెప్పమ్మా,” అన్నది.

ఆ సారు వాదన నేను ఊహించనిది. వీళ్లంతా ఒకే చర్చివాళ్లు, బుధవారం కూర్చుని నా మీద కథ అల్లారు, ఆ లైబ్రరీ ఆమే మొదలుపెట్టింది అన్నాడు. మెసేజీలు తమాషాకు పంపినవట. నేను ప్రార్థన అనుకుని చెప్పిన మాట ఆయన చేతికి కర్రలా దొరికింది. ఆ అమ్మాయి బల్లకు అవతల కూర్చుని నన్నే చూస్తోంది. ఆ మధ్యాహ్నం నా వల్ల ఆమె మాట ఎవరూ నమ్మకుండా పోయే స్థితి వచ్చింది.

అప్పుడు గేట్ రిజిస్టర్ తెప్పించమన్నాను. ప్రార్థన కూడిక జరిగిన బుధవారానికి ముందు ఏడు వారాలు. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం, ఆమె చేతిరాతలో, నిమిషంతో సహా. ల్యాబ్ హాజరు పుస్తకంలో ఆ రోజుల్లోనే ఆమె రెండింటికి సంతకం పెట్టి ఉంది. పావుగంటలోనో, అరగంటలోనో లైబ్రరీకి వచ్చి కూర్చున్నది. ఏడు వారాల కిందటి అక్షరాలను ఏ చర్చీ అల్లలేదు. కమిటీ ఆమె మాట నిజమని తేల్చింది. ఆ సారు మీద చర్య తీసుకున్నారు. అది ఏమిటో చెప్పే అధికారం నాకు లేదు.

సాక్షి అయినవాడు తనకు తెలిసింది తెలియజేయకపోతే ఆ దోషం తానే మోయాలని బైబిలు ధర్మశాస్త్రంలో ఉంది. సండే స్కూల్‌లో పిల్లలకు చెబుతూ వచ్చాను. నాకు చెప్పుకోలేదు. ఇప్పుడు ఏ విద్యార్థి అయినా నా పక్కన కుర్చీ లాక్కుని గొంతు తగ్గిస్తే, ముందు నేనే మాట్లాడతాను: “జర ఆగు బిడ్డా. నువ్వు చెప్పేది గిట్లాంటిదైతే నేను ఒక్క దగ్గర చెప్పాల్సిందే. ఇంకో దగ్గర చెప్ప. ఇది తెలిసినంక చెప్పు.” కొందరు లేచిపోయారు. అది నాకు బాధే. కానీ మోసపోయి కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు.

ఆ అమ్మాయి ఎమ్మెస్సీ పూర్తి చేసింది. బాపు చదువు మాన్పించలేదు. తర్వాత ఆయనకు తానే చెప్పుకుంది. మా సంఘానికి మాత్రం మళ్లీ రాలేదు. నా వెనక బెంచీలో ఆ గొంతు లేదు. ఆ ఖాళీకి జవాబుదారీ నేనే.

చివరి పుస్తకాలు వాపసు ఇవ్వడానికి వచ్చిన రోజు కౌంటర్ దగ్గర కాసేపు ఆగింది.

“ఆంటీ, నా కొరకు ప్రార్థన చెయ్యి. సమాజంల గూడ చెప్పు. కాని పేరు చెప్పకు, ఊరు చెప్పకు, సదువు చెప్పకు, సారు ముచ్చట ఎత్తకు.”

“మరి ఏమని చెప్పాలె?”

“ఒక బిడ్డ అను. ఆయనకు తెలుస్తది.”

ఇదంతా ఇక్కడ రాసే ముందు కూడా ఆమెనే అడిగాను. ఏం మార్చాలో చెప్పింది, మార్చాను. కాబట్టి చదివిన మీరు ఎవరై ఉంటుందని వెతకవద్దు. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఒక బిడ్డ కోసం.