ఆగుడుపుల్ల పట్టా

మొన్న కోరుట్ల నుంచి రాయికల్ అంగడికి పోతుంటే, ఆటోల నా పక్కన కూసున్న ఇద్దరు పెద్దమనుషులు ఏదో భూమి పంచాయితీ మాట్లాడుకుంటున్నరు. అందుల ఒకాయన, అది అసైన్‌మెంటు పట్టా, ఎవడు కొన్నా చెల్లదు, మళ్ళ తిరిగి మనోనికే వస్తది అని గట్టిగ అన్నడు. ఆ మాట చెవుల పడంగనే నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. కొనాల్సిన ఎండుమిరపకాయలు మర్చిపోయి ఉత్త సంచితోని ఇంటికొచ్చిన. మా కోడలు ముసిముసిగ నవ్వింది, నవ్వదా మరి! ఆ ఒక్క మాట మా అన్న బతుకును ఏం చేసిందో దానికెట్ల ఎరుక?

మా పుట్టినిల్లు సిరిసిల్ల. మా నాయన చేతిమగ్గం వదిలిపెట్టి, సేటు దగ్గర నూలు తెచ్చుకొని పాత సాంచాలు నడిపిస్తుండె. పవర్‌లూమును మా దిక్కు సాంచా అనే అంటం. నేను కండెలకు నూలు చుట్టేదాన్ని, అన్న సాంచాలు నడిపేటోడు. మన ఈడువాళ్ళకు చెప్పేదేముంది, ఆ చప్పుడుల మాట వినపడదు గదా, నేనూ అన్నా సైగలతోనే కొట్లాడుకునేది, సైగలతోనే నవ్వుకునేది. ఆ పాత సాంచాలకు ఒక రోగం ఉండె. అడ్డం నేసే పేక పోగు తెగినా, కండె అయిపోయినా అవి ఆగకపోయేది, ఉత్తగనే నడుస్తుంటే గుడ్డ మీద సందులు పడేది, సందులు పడ్డ గుడ్డకు సేటు కూలి కోసేటోడు. ఆగేందుకు కంపెనీవాళ్ళు పెట్టిన ఏర్పాటు ఎప్పుడో అరిగిపోయింది, కొత్తది పెట్టే తాహతు వాడల ఎవ్వరికీ లేకుండె.

గీ బాధ పడలేక మా అన్న ఒక వానకాలం ఏం జేసిండంటే, ఇంట్ల ఉన్న ఒక్క గొడుగు ఊడదీసి, దాని పుల్లకు సైకిల్ బ్రేకు తీగ కట్టి, పోగు లేకపోతే పుల్ల కిందికి జారేటట్టు, జారితే తీగ గుంజి సాంచా టక్కున ఆగేటట్టు చేసిండు. ఎన్నో పుల్లలు వంచి, ఇరగ్గొట్టి, చివరికి కుదిరిచ్చిండు. నేను దానికి ఆగుడుపుల్ల అని పేరు పెట్టిన. మా అమ్మయితే, మీ నాయన వానల నానుతుంటే సాంచాకు గొడుగు పట్టినవా కొడుకా అని పొద్దంత తిట్టింది. ఆ నెల మా గుడ్డకు కూలి కోత పడకపోయేసరికి, ఇంకో గొడుగు కూడ తెచ్చుకో అని ఆమెనే అన్నది.

ఆ సంగతి ఎట్లనో తెలిసి, సాంచా సామాన్లు చేసే ఒక పరాయి రాష్ట్రపు కంపెనీ మనిషి వచ్చి చూసిండు. ఖర్చంత తామే పెట్టుకొని అన్న పేరు మీద పేటెంటు తీసిచ్చిండ్రు. మా వాడల ఎవ్వరికీ ఆ మాట నోరు తిరగక పట్టా అన్నరు. పుల్లకు పట్టా వచ్చిందట అని చూడనీకె వచ్చినోళ్ళకు అమ్మ చాయ్ పోసి పోసి అలసిపోయింది. నాయన దానికి అద్దం కట్టించి గోడకు తగిలేసిండు.

తర్వాత అదే కంపెనీ మనిషి ఇంకో కాగితం తెచ్చి సంతకం పెట్టుమన్నడు. అప్పటికే నాయన మంచం పట్టిండు, మందులకు చేతుల ఏమీ లేదు. అయినా అన్న తొందరపడలేదు, నన్ను వెంటబెట్టుకొని జగిత్యాలల ఉండే మా మేనమామ దగ్గరికి పోయిండు. మామ రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందట దస్తావేజులు రాసేటోడు. భూమి కాగితమంటే చాలు, ఆయన వేలు పెట్టి చూపెట్టని మడత ఉండదు. కాగితం మీద అసైన్‌మెంటు అన్న అక్షరాలు చూసి ఆయన మొకం ఎలిగిపోయింది. బీదోళ్ళకు సర్కారు ఇచ్చే భూములకు అదే మాట గదా! అసైన్‌మెంటు అన్నంక ఇగ ఎవడూ కొనలేడు, వాళ్ళు కొన్నాళ్ళు కౌలుకు చేసుకుంటరు, తర్వాత మనది మనకొస్తది, పెట్టుర అల్లుడా సంతకం అన్నడు. అన్న ఒక్కటే అడిగిండు, నా పేరు పోదు గదా మామా అని. పేరు ఎందుకు పోతదిరా అన్నడు మామ. ఆ మాట అబద్ధం కాదు, పేరు పోనే లేదు.

అన్న సంతకం పెట్టిండు. దానికి చేతికొచ్చిన పైసలు నాయన మందులకే అయిపోయినయి, నాయన దక్కలేదు. నన్ను కోరుట్లకిచ్చిండ్రు. ఇంతల సిరిసిల్లల పని పడిపోయింది, సాంచాలు తుక్కుకు పోయే రోజులొచ్చినయి, మా వాడ సగం సాంచాల పనికి మహారాష్ట్రల భివండి బస్సెక్కింది, అన్న కూడ వదినను అమ్మ దగ్గర ఇడిసిపెట్టి పోయిండు. అక్కడ తను నడిపే సాంచాకే స్టీలుతో తళతళ మెరిసే ఆగుడుపుల్ల ఉన్నదట. పండుగకు వచ్చినప్పుడు, నా పొలం మంచిగ పండుతున్నది చెల్లె, కౌలు గడువు దాటనీయి, ఇంటికొచ్చి నేనే చేసుకుంట, మల్ల భివండి మొకం చూడ అని మురిసిపోయిండు. ఆ పుల్ల మీదనే మా అన్న తిరిగొచ్చే ఆశంత.

కొన్నేండ్లకు గడువు దాటిందనుకొని వచ్చిండు కూడ. ఇంటి ముందట రేకులు ఏసి, మిగిలిన సాంచాలకు తన చేత్తోనే పుల్లలు చేసి పెట్టసాగిండు. పదిమందికి అమరంగనే కంపెనీ నుంచి నోటీసు వచ్చింది, ఇది మా సొత్తు, చేయవద్దని. ఉరుకులు పరుగుల మీద జగిత్యాలకు పోయినం. ఈసారి మామను కూడ తీసుకొని ఒక వకీలమ్మ దగ్గరికి పోయినం. ఆమె కాగితం చదివి, మెల్లగ, పెద్దాయన మనసు నొవ్వకుండ చెప్పింది. భూమిల అసైన్‌మెంటు వేరు తాతా, పేటెంటుల అసైన్‌మెంటంటే పూర్తిగ రాసిచ్చుడే, కౌలుకిచ్చుడైతే లైసెన్సు అంటరు. కనిపెట్టినాయన పేరు అట్లనే ఉంటది, హక్కు మాత్రం కంపెనీది అని. మామ తలకాయ దించుకొని నేల దిక్కే చూసుకుంట కూసున్నడు. బయటికొచ్చినంక అన్న ఆయన చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించిండు. నాకైతే లోపట మండిపోయింది, ఎవరి మీద మండాల్నో తెలువలేదు. మామకు ఇంగ్లీషు వచ్చు, కని ఆ ఇంగ్లీషంత భూమి కాగితాలల్ల నేర్చుకున్నది.

సాంచా సాంచాకు పోయి అన్ననే పుల్లలు ఊడదీసిండు. పేరు నాకు ఉంచి చేతులు వాళ్ళు తీసుకపోయిండ్రు చెల్లె అన్నడు, అంతే. మల్ల భివండి బస్సెక్కిండు. ఆ దూది దుమ్ముల దగ్గు పట్టి, అక్కడనే పానం ఇడిసిండు. మామ ఆ కబురు విన్ననాటి నుంచి కలం పట్టలేదు.

నిరుడు సిరిసిల్లకు పోతే వదిన ఇంట్ల గోడ మీద ఆ పట్టా అట్లనే ఉన్నది, అన్న పేరు మాయలేదు. పేటెంటుకు ఇరవై ఏండ్ల గడువే ఉంటదట, అది ఎప్పుడో దాటిపోయిందట, ఇప్పుడా పుల్లను ఎవరైనా చేసుకోవచ్చునట. మామ అన్నట్టే తిరిగొచ్చింది, చూసిండ్రా! ఇప్పటి కొత్త సాంచాలు పోగు తెగంగనే వాటంతటవే ఆగుతున్నయి, గొడుగు పుల్ల అవసరం ఎవ్వరికీ లేదు. వదిన ఇంట్ల మూలకు కొత్త గొడుగులు రెండు మంచిగ నిలబెట్టి ఉన్నయి. అన్న ఉంటే వాటిల ఒక్కటన్న మిగిలేదా!