నాపరాతి గుంతలో నా బాప్తిస్మం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: లోకంలో ఎవరు తప్పు మాట్లాడినా సరిదిద్దడానికే దేవుడు నాకు నోరిచ్చాడని. కర్నూల్లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, సెలవులకు బేతంచెర్ల వచ్చినప్పుడల్లా ఆ నోటిని ఊరి మీదికి వదిలేదాన్ని. ఇంట్లో నన్ను లాయరమ్మ అనేవాళ్ళు. (పొగుడుతున్నారనే అనుకున్నాను. ఎంత చదివితే ఏం లాభం!) అట్లాంటి నేను ఒక ఏడాది వానలు వెలిశాక బాప్తిస్మానికి పేరిచ్చాను. మా సంఘంలో నీళ్ళలో నిలువునా ముంచి లేపుతారు. మా వైపు ఏరుందా, కాలువుందా? నాపరాయి తవ్వి వదిలేసిన పాత గుంతలో వాననీళ్ళు నిలిస్తేనే మాకు బాప్తిస్మాలు. అవి ఎండిపోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

మునిగే ముందు ఒక ఆచారం ఉంది. ఎవరి మనసు నొప్పించామో వాళ్ళ గడప తొక్కి సమాధానపడి రావాలి. ఆదివారం గుంత దగ్గర పాస్టరు అయ్యగారు అందరి ముందూ అడుగుతారు, ఈ బిడ్డ మీద ఎవరికైనా మనసులో ఏమన్నా ఉందా అని. ఎవరన్నా ఉందంటే ఆ బిడ్డ వెనక్కి రావలసిందే. మామూలు మనుషులు ఒకటో రెండో ఇళ్ళు తిరిగి వస్తారు. నేను నోటుబుక్కులో రాసుకుంటే పదకొండు పేర్లు తేలాయి. వారమంతా తిరిగాను. (పాలామెకు క్షమాపణ చెప్పబోయి, పాలలో నీళ్ళ సంగతి మళ్ళీ ఎత్తి, కొత్త తగువు పెట్టుకొని, దానికి విడిగా ఇంకో క్షమాపణ చెప్పుకొని వచ్చాను.) పది పూర్తయ్యాయి. పదకొండోది మా మేనత్త.

అత్తకు చదువు రాదు. బండల ఫ్యాక్టరీలో రాళ్ళు మోసి బిడ్డల్ని పెంచిన మనిషి. శుక్రవారం ఆడవాళ్ళ కూటంలో ఆమె ప్రార్థన మొదలుపెడితే వీధి చివర ఆగిన లారీ డ్రైవర్లు కూడా ఆమేన్ అనాల్సిందే. మూడు నెలల కిందట, ప్రార్థన ముగించి ఆమె కళ్ళు తెరిచీ తెరవకముందే నేను అందరి ముందూ అన్నాను: "అత్తా, దేవునికి చెవుడు లేదు. నీ ప్రార్థన ఆయనకా, వీధికా?" కొందరు నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ తర్వాత అత్త కూటానికి వచ్చేది, మూలన కూర్చునేది, నోరు మాత్రం తెరిచేది కాదు. పాస్టరమ్మగారు ప్రార్థన చేయమని అడిగినా తల అడ్డంగా ఊపేది. ఒక మనిషి నోట ప్రార్థన లేకుండా చేశానని నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ గడప తొక్కడానికి కాళ్ళు రాలేదు. శనివారం అయ్యగారు, "అందరితో సమాధానపడ్డావా అమ్మా?" అని అడిగితే, "పడ్డానయ్యగారూ" అనేశాను. బాప్తిస్మానికి ముందురోజు, దైవజనుని ముఖం చూస్తూ అబద్ధం!

ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకొని గుంతలో దిగాను. రాయి కోసిన చోట మెట్లలాగా ఉంటాయి, వాటి నిండా పాకుడు. మూడో మెట్టు దాటితే లోతెంతో ఎవరికీ తెలియదు. నాకు ఈత రాదు. రొమ్ముల దాకా నీళ్ళలో నిలబడి, అత్త వైపు చూడకుండా ఉండడానికి ఆకాశం వైపు చూస్తున్నాను. అయ్యగారు అడగవలసింది అడిగారు. ఎవరూ పలకలేదు. మా సంఘపెద్ద, వాచీ చూసుకోవడమే పనిగా ఉండడంతో మేమంతా గడియారం మామ అనే ఆయన, "ఎండ ముదురుతాండాది, కానీయండి" అన్నాడు. అయ్యగారు నా తల వెనక చెయ్యి వేశారు.

"నాకుండాది."

పనికిరాని బండల కుప్ప మీద కూర్చున్న అత్త లేచి నిలబడింది.

"ఏముండాదమ్మా?" అన్నారు అయ్యగారు.

"ఆ పిల్లకే తెలుసు. చెప్పమనండి."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను గొంతు సవరించుకున్నాను. "అత్తా, నేనన్నది తప్పే. కానీ ఆ రోజు నువ్వు కూడా అరగంటసేపు..."

"సూస్తిరా! గొంతు దాంక నీళ్ళుండాయి, ఇంకా తప్పు నాదే అంటాంది!"

"తప్పనలేదు. ఎక్కువసేపు అన్నా."

"మే లాయరమ్మా, ఈడ కోర్టు లేదు, కప్పలుండాయి" అన్నాడు గడియారం మామ.

అయ్యగారు మెల్లగా, నాకొక్కదానికే వినబడేటట్టు, "నిన్న నాతో ఏం చెప్పావమ్మా?" అన్నారు. "అబద్ధం చెప్పినానయ్యగారూ" అన్నాను. ఆయన నా తల వెనక నుంచి చెయ్యి తీసేశారు. "అయితే ఈ ఏటికి వద్దులేమ్మా. పైకి రా" అన్నారు. అందరి ముందూ, ఉతికిన చీర తడిసి, మునగకుండానే తిరిగి రావడం! కళ్ళలో నీళ్ళు కనబడకూడదని గిర్రున తిరిగాను. పాకుడు మీద కాలు జారింది. మూడో మెట్టు కూడా దొరకలేదు.

పచ్చటి నీళ్ళు తల మీదికి వచ్చాయి. ఎంత దిగినా కాలికి రాయి తగలలేదు. జీవితంలో మొదటిసారి నోరు తెరిస్తే మాట రాలేదు, నీళ్ళు లోపలికి పోయాయి. అప్పుడెవరో నా జడ పట్టి లాగారు. జుట్టు ఊడొస్తుందేమో అన్నంత గట్టిగా.

"నాకు జవాబు చెప్పకుండా యాడికి పోతాండావే!"

అత్త. చెప్పులతోనే దిగేసింది. నేను దగ్గుతూ, "అత్తా... నేను..." అన్నాను.

"నోర్ముయ్" అంది. జడ వదలకుండానే తల పైకెత్తింది. "తండ్రీ! ఈ పిల్ల నోరు ఎట్లాంటిదో నీకు తెలుసు, ఇచ్చింది నువ్వే. ఇది బాగుపడేదాంక ఆగితే ఈ గుంత ఎండిపోతాది, మేమూ పోతాము. ఇట్లాగే తీసుకో నాయనా. నేను తీసుకుంటాండా, నువ్వు తీసుకోలేవా!"

మూడు నెలలుగా మూసుకున్న గొంతు. రాతిగోడలు నాలుగు వైపుల నుంచీ ఆ మాటను మాకు తిరిగి అప్పజెప్పాయి. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. (నీళ్ళు చిందాయని తర్వాత అన్నారు.)

"ఇంక ముంచండి అయ్యగారూ" అంది అత్త.

"ఇప్పుడే మునిగింది గదా" అని ఎవరో అంటే, "అది దానికదే మునిగింది, లెక్కలోకి రాదు" అన్నాడు గడియారం మామ. అయ్యగారు ముంచితే నేను రెండోసారి మునిగాను.

ఇదంతా జరిగి ముప్పై ఏళ్ళు కావస్తోంది. ఇప్పుడు కడపలో పిల్లలకు పాఠాలు చెబుతూ, స్టాఫ్ రూములో రోజుకొకరితో తగువు పెట్టుకుంటూ బతుకుతున్నాను. పోయిన నెల కమలాపురంలో కూతురి దగ్గరున్న అత్తను చూడబోయాను. ఆనాడు నా నోట సగమే వచ్చిన క్షమాపణ పూర్తిగా చెప్పేసి రావాలని బస్సులో నాలుగుసార్లు అనుకొని మరీ వెళ్ళాను. అంతా విని అత్త బోసినోటితో నవ్వింది. "ఎప్పుడన్నావే? నువ్వట్లా అనే పిల్లవి కాదు." నేను ఊరుకుంటానా! ఏ శుక్రవారమో, ఎవరెవరు నవ్వారో, ఆ రోజు ఆమె కట్టుకున్న చీర రంగుతో సహా సాక్ష్యాలు పెట్టాను. అరగంట వాదించాను. "ల్యాదు, ల్యాదు. లేనిపోనివి కల్పించుకోగాకు. శానా మంచి పిల్లవి నువ్వు. కాఫీ తాగు" అంది. నా తప్పును నేనే రుజువు చేయలేక ఓడిపోయి, చల్లారిన ఆ కాఫీని నోరు మూసుకొని తాగాను.