మొదటి గాటు

ఖతార్‌లోని మా దుఖాన్ కాలనీలో దెయ్యాలు ఏడాదికి ఒక్కసారే తిరుగుతాయి. అదీ సాయంత్రం పూట, ఏసీ ఉన్న హాల్లో, వాట్సాప్ గ్రూపులో ముందుగా చెప్పి మరీ. ఎవరి ఇంటి నుంచి ఏ తినుబండారం రావాలో కూడా అవే చెబుతాయి. ఆ గ్రూపు పేరు మాత్రం ‘పిల్లల కథల సాయంత్రం’. హాలోవీన్ అని ఈ దేశంలో పైకి చెప్పుకోవడానికి జంకు, చేసుకోకుండా ఉండడానికి మనసొప్పదు. అందుకని దెయ్యాలకు కథలని పేరు పెట్టి, కిటికీలకు తెరలు దించి కానిచ్చేస్తారు.

ఈ పండుగకు పెద్ద మా మేడమ్. ఆమె భర్త మా ఆయనకు పై అధికారి కాబట్టి ఆమె మా ఇంటిల్లిపాదికీ మేడమే. పుట్టింది విజయవాడలో. మాటకు ముందు ‘మావాడు’, మాట తర్వాత ‘మావాడు’. ఆ మావాడు దోహాలో కాలేజీలో చదువుతున్నాడు, వారానికోసారి ఉతకాల్సిన బట్టలు తీసుకుని వస్తాడు. మేడమ్‌కు కాలనీలోని మిగతా ఆడవాళ్ళమంతా వెనకబడినవాళ్ళలాగే కనిపిస్తాం. మనం కొంచెం ఓపెన్‌గా ఉండాలండీ అని ఎవరు దొరికితే వాళ్ళకు చెబుతుంది. శనివారం నూనె కొనని మనిషి, ఇంకొకరి మూఢనమ్మకాల గురించి ఎంతసేపైనా మాట్లాడగలదు.

తిండి సంగతి చెబితే ఎవరూ నమ్మరు. రసగుల్లా మధ్యలో నల్ల ద్రాక్ష గుచ్చితే కన్నుగుడ్డట. గులాబీ సిరప్ నెత్తురట. మొదటి ఏడాది ఏం తేవాలో తెలియక సకినాలు చేసి పట్టుకెళ్ళాను. మా జగిత్యాల వైపు పిల్ల పుట్టినా, పెళ్ళి కుదిరినా సకినాలే కదా. చుట్టలు చుట్టలుగా ఉన్న వాటిని చూసి మేడమ్ చప్పట్లు కొట్టి, అబ్బ, సాలెగూళ్ళు ఎంత బాగా చేశారండీ అంది. నువ్వులు చీమల్లా ఉన్నాయని మరో ఆవిడ మెచ్చుకుంది. పొద్దంతా వంగి కూర్చుని, గుడ్డ మీద వేలితో పిండి తిప్పి తిప్పి నడుం పట్టేసిన నాకు ఆ మెప్పు ఎక్కడో కాలింది. అయినా ప్రతి ఏడాదీ అవే తీసుకెళుతున్నాను. మేడమ్ ప్రతి ఏడాదీ సాలెగూళ్ళు వచ్చాయా అని అడుగుతూనే ఉంది.

తిండితో వదిలితే బాగుండేది. నిరుడు ప్రతి ఇంటి నుంచీ ఒక భయంకరమైన కవిత కూడా రావాలన్నారు. నమూనాగా మేడమ్ తన కవితను గ్రూపులో పెట్టింది:

దెయ్యం వచ్చింది, డాన్స్ చేసింది,
పిల్లిని చూసి బైబై చెప్పింది.

దాని కింద చప్పట్ల బొమ్మలు ఎన్ని పడ్డాయో. మా ఆయన కూడా ఒకటి పెట్టాడని తర్వాత తెలిసి రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. పెళ్ళికి ముందు నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పినదాన్ని. ఆ రెండు పంక్తులు చూసి ఒళ్ళు మండి, పోపు మాడిపోతున్నా పట్టించుకోకుండా అక్కడికక్కడే గుమ్మడికాయ చెప్పుకుంటున్నట్టు ఒకటి రాశాను:

పులుసులో ఉడకాల్సినదాన్ని,
పళ్ళు పెట్టి కూర్చోబెట్టారు.
కడుపు తోడేసి దీపం పెట్టారు,
కాలేది నేను, కేకలు మీవి.

గుమ్మడికాయ మీదే రాయడానికి కారణం ఉంది. అంతకుముందు దాకా హాల్లో పెట్టేది ప్లాస్టిక్ గుమ్మడికాయ. నిరుడు మేడమ్ దోహా నుంచి నిజమైనది, ఇద్దరు పట్టుకుంటే గాని లేవనిది, తెప్పించింది. పిల్లలందరి ముందు దాన్ని కోసి, కళ్ళూ నోరూ చెక్కాలట. చెక్కే పని మా పక్కింటి అమ్మాయికి అప్పగించింది. ఆ అమ్మాయిది భీమవరం దగ్గర పల్లె. వచ్చి ఏడాది కాలేదు. నోట్లో నాలుక లేని పిల్ల. గుమ్మం ముందు వేసే ముగ్గులు మాత్రం చూసి తీరాలి. ఆ ముగ్గులు చూసే ఈ పని ఇచ్చానని మేడమ్ గ్రూపులో రాసింది.

ముందురోజు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. దెయ్యం వేళ్ళ బిస్కట్లు తన వంతు. మైదాపిండిని వేళ్ళలా చేసి, చివర బాదంపప్పు గోరులా గుచ్చాలి. వాళ్ళ ఓవెన్ చిన్నదని మా ఇంట్లో చేసుకుంటానంది. ట్రే నిండా తెగిన వేళ్ళు పరుచుకుని ఉంటే, నవ్వుతుందని నా కవిత చదివి వినిపించాను. మూడో పంక్తి దగ్గర ఆమె చేతిలోని బాదంపప్పు కింద పడింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అక్కా, నేను రేపు ఆ గుమ్మడికాయ కొయ్యలేనండి. నాకు మూడో నెల.”

తర్వాత మెల్లగా మిగతాది చెప్పింది. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదట. ఈసారి సంగతి భర్తకూ, ఊళ్ళో తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. గుమ్మడికాయ కొట్టే చోట నీడ కూడా పడనివ్వకని తల్లి ఫోన్లో ఏడ్చినంత పని చేసిందట.

మనవైపు గుమ్మడికాయకు మొదటి కత్తి ఆడవాళ్ళు పెట్టరు. అది ఇంటి పెద్దకొడుకుతో సమానం అంటారు. మగవాడెవరైనా ఒక గాటు పెట్టి పోతే, ఆ తర్వాత ఎన్ని ముక్కలైనా మనమే కోసుకుంటాం. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ దాపునే ఉండరు. మా ఇంట్లో అయితే మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఒక గాటు పెట్టి టీవీ ముందుకు పోతాడు. అది నమ్మకం అని నేనెప్పుడూ అనుకోలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు, ఒక అలవాటు అనుకున్నాను.

కొయ్యను అని మేడమ్‌తో చెప్పెయ్యమన్నాను. ఎందుకని అడుగుతుంది కదా అంది. కారణం చెబితే సాయంత్రానికల్లా గ్రూపంతా తెలుస్తుంది. ఇది కూడా నిలవకపోతే, ఇంటింటి నుంచి వచ్చి ఓదార్చేవాళ్ళ ముఖాలు చూడలేనంది. కారణం చెప్పకుండా కాదంటే, ఆ అమ్మాయి భర్త కాంట్రాక్టు పొడిగించే కాగితం మేడమ్ భర్త బల్ల మీద ఉంది. ఒక కూరగాయకు ఇంత భయపడే ఈ పిల్ల మీద చిరాకేసింది. ఒక కాంట్రాక్టు కాగితం చాటున ఇంత పెత్తనం చేసే ఆ మనిషి మీద అంతకన్నా అసహ్యం వేసింది. కత్తి ముట్టనవసరం లేదని, నేను చూసుకుంటానని మాటిచ్చాను.

మర్నాడు హాల్లో ఆడవాళ్ళూ పిల్లలే. మగవాళ్ళను మేడమ్ రానివ్వదు. గోడలకు దూది సాగదీసి అంటించారు. ఆస్పత్రి నుంచి పారిపోయి వచ్చినట్టు, పిల్లలు ఒంటినిండా కట్లు కట్టుకుని ఐస్‌క్రీమ్ కోసం కొట్టుకుంటున్నారు. కవితలు మొదలయ్యాయి. చంద్రుడికి ప్రాస కుదరక ఒకావిడ ఇంద్రుణ్ణి దించింది. నా వంతు వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ పక్కింటి అమ్మాయిని చూసి, మూడో పంక్తి వదిలేసి చదివాను. కొంచెం ప్రాస తగ్గిందండీ అని మేడమ్ మైకులో చెప్పింది.

తర్వాత గుమ్మడికాయను బల్ల మీదకు ఎక్కించి, మేడమ్ ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచింది. నేను లేచి, ఆమెకు చెయ్యి బెణికింది, నేను కోస్తానన్నాను. మీరు చెక్కితే పిల్లలు నిజంగానే జడుసుకుంటారని మేడమ్ అంటే హాలంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే ఆ అమ్మాయి బల్ల దాకా వచ్చేసింది. కాదనడం చేతకాని మనుషులు ఎంత దూరమైనా నడుస్తారు. ముఖంలో రక్తపు చుక్క లేదు. మేడమ్ కత్తిని పిడివైపు తిప్పి ఆమెకు అందిస్తోంది.

“గట్లయితె మొదటి గాటు మీరే పెట్టుండ్రి మేడం,” అన్నాను. “పెద్దోళ్ళు మీరు. మిగిలింది మేం చూసుకుంటం.”

పిల్లలు మేడమ్, మేడమ్ అని అరవడం మొదలుపెట్టారు. ఆమె నవ్వుతూ కత్తిని గుమ్మడికాయ మీద ఆనించింది. ఆనించి, అలాగే ఉండిపోయింది. నవ్వు మాత్రం ముఖం మీద తియ్యకుండా మరిచిపోయినట్టు ఉంది. కత్తి కింద పెట్టి, మైకు ఆపి, నా చెవి దగ్గరకు వంగింది.

“నాకు ఒక్కడే కొడుకండీ. ఆ అమ్మాయికి ఇంకా పిల్లల్లేరు కదా, ఆమెకైతే పర్వాలేదని చెప్పాను.”

నా పక్కనే నిలబడ్డ ఆ అమ్మాయి కూడా ఆ మాట విన్నది. తల దించుకుంది. ముగ్గులు చూసి ఇచ్చిన పని కాదన్నమాట అది. పోగొట్టుకోవడానికి ఏమీ లేని మనిషి ఎవరా అని ఇంటింటినీ తలచుకుని, ఈ పిల్లను ఏరింది. ఓపెన్‌గా ఉండాలని మా అందరికీ పాఠాలు చెప్పిన మనిషి. నాకు ఆ క్షణంలో ఆమెను కొట్టాలనిపించింది. అబద్ధం ఎందుకు, ఆ కత్తి చేతిలోకి తీసుకున్నది ఆ కోపంతోనే.

“నాకు గూడ ఒక్కడే,” అన్నాను.

తీసుకున్నాక గానీ తెలియలేదు. గుమ్మడికాయ తొక్క మీద కత్తి మొన పెట్టాక నా చెయ్యి కదలలేదు. అలవాటే అనుకున్నది అలవాటు కాదని, నా ఎముకల్లో కూడా ఉందని అప్పుడు తెలిసింది. మేడమ్‌ను చూసి నవ్వుకున్నదాన్ని, ఆమెలాగే నిలబడి ఉన్నాను. పిల్లలు అరుస్తున్నారు. పక్కన ఆ అమ్మాయి చెయ్యి తన పొట్ట మీదకు పోతూ, ఎవరైనా చూస్తారేమోనని మధ్యలోనే ఆగిపోయింది. కళ్ళు మూసుకుని కత్తిని పిడిదాకా దించేశాను.

ఆ తర్వాత చెక్కింది కూడా నేనే. ఒక కన్ను సొట్ట, నోరు ఒక పక్కకు పోయింది. మేడమ్ చెప్పినట్టే ఒక చిన్నపిల్ల జడుసుకుని ఏడ్చింది. చేతులైనా కడుక్కోకుండా వెనక తలుపు తీసుకుని మైదానం దాకా వెళ్ళాను. తొమ్మిదో తరగతి చదివే మావాడు అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. చెమటతో, మోకాలికి మట్టితో, ఎప్పటిలాగే ఉన్నాడు. పిలిస్తే స్నేహితుల ముందు సిగ్గుపడుతూ వచ్చాడు.

“ఏంది మమ్మీ?”

ఏం లేదని, నీళ్ళు తాగి ఆడుకొమ్మని చెప్పి వచ్చేశాను. ఆ వారమంతా వాడు రోడ్డు దాటుతుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నన్ను చూసి నాకే రోత పుట్టింది.

తోడి పడేసిన గుజ్జును పారబొయ్యనివ్వకుండా ఇంటికి తెచ్చి పులుసు పెట్టాను. ఆ అమ్మాయి రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. ఎండాకాలం మొదట్లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. మేడమ్ గులాబీ రంగు దుప్పటి పట్టుకుని చూడ్డానికి వచ్చి, ఇలాంటివి పట్టించుకోకూడదని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానండీ అంది. నేనూ, ఆ అమ్మాయీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. బాలింత ముందు గొడవ ఎందుకని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను.

ఈ ఏడాది కూడా కథల సాయంత్రం జరిగింది. గుమ్మడికాయ మళ్ళీ నిజమైనదే. ఈసారి చెక్కడం మేడమ్ స్వయంగా మొదలుపెడుతుందని గ్రూపులో వచ్చింది. సకినాలు పెట్టడానికి అందరికన్నా ముందు హాలుకు వెళ్ళాను. పాపను భుజాన వేసుకుని పక్కింటి అమ్మాయి నా వెంటే ఉంది. గుమ్మడికాయకు ఒక పక్కన నల్ల కాగితం గబ్బిలం అంటించి ఉంది. ఒక్కటే గబ్బిలం, అదీ వెనకవైపు. ఎందుకో అనుమానం వచ్చి రెక్క పట్టుకుని లేపి చూశాను. దాని కింద గాటు ఉంది. పొద్దున్నే ఎవరో మగమనిషి బలంగా దించిన గాటు, అంచులు అప్పటికే ఆరిపోయాయి.

ఆ అమ్మాయి కూడా చూసింది. గాటును చూసి, పాప తల మీద చెయ్యి పెట్టుకుని, నిరుడు మేడమ్ ఇది ఎందుకు చేయించలేదక్కా అని అడిగింది. గబ్బిలాన్ని మళ్ళీ అతికించి, సకినాల గిన్నె దాని పక్కన పెట్టాను.