ఏనుగుకి పడిన తిట్లు

“వీడి గోళ్లు ఊడిపోతాయా మామయ్యా? ఈ జబ్బు తగ్గాక కొంతమంది పిల్లలకి ఊడతాయట!”

ఒళ్లో కొడుకుని పెట్టుకుని కోడలు ఆ మాట అడగ్గానే మామయ్య భగ్గుమన్నారు. కోడలి మీద కాదు, బల్ల మీదున్న నెయిల్ కట్టర్ మీద.

“నువ్వెందుకే ఇక్కడ నోరు తెరుచుకుని కూర్చున్నావు? అమ్మాయి హడలిపోతుంటే కనపడదూ? పో అవతలికి!” అని దాన్ని సొరుగులో పడేసి ధడేల్మని మూశారు. అంత చప్పుడు చేసినందుకు సొరుక్కీ నాలుగు తగిలించారు.

అదీ మామయ్య. ఆయన కోపమంటే వీధంతా హడలే గానీ, ఆ కోపం ఒక మనిషి మీద పడగా చూసినవాళ్లు లేరు. జీవితమంతా సిటీ బస్సు నడిపారు. ఎవడైనా అడ్డంగా దూరితే హారన్‌ని తిట్టేవారు. కూరలో ఉప్పెక్కువైతే, “ఏరా ఉప్పు డబ్బా, మూత తియ్యగానే దూకడమేనా? పెద్దంతరం చిన్నంతరం లేదూ?” అంటూనే గిన్నె ఊడ్చేసేవారు. మనవడు పడితే అందరూ నేలని ఒక దెబ్బ వేసి ఊరుకుంటారు. మామయ్య అక్కడే చతికిలబడి నేలకి క్లాసు పీకేవారు. ఏడవాల్సినవాడు అది వింటూ వింటూ ఆయన ఒళ్లోనే నిద్రపోయేవాడు.

కోడలికి ఇదంతా ఒళ్లుమంట. ఆవిడ సూక్ష్మజీవుల శాస్త్రం చదువుకుని ల్యాబులో పనిచేస్తోంది. ఏ కష్టానికైనా కారకులుంటారనీ, దొరికితే పీక పట్టుకోవాలనీ ఆవిడ సిద్ధాంతం.

ఇప్పుడు రెండేళ్ల కొడుక్కి అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి పొక్కులు. నోట్లో పుళ్లు. చెంచా చూపిస్తే చాలు, విసిరికొడుతున్నాడు. పిల్లల డాక్టరమ్మ చూసి, “చేతులు, కాళ్లు, నోరు పట్టే వైరస్సమ్మా. చాలామందికి దానంతటదే పోతుంది. చల్లటివి గుక్కగుక్కగా పట్టించండి, ఒంట్లో నీరు తగ్గకూడదు. మగతగా పడున్నా, ఉలిక్కిపడుతున్నా, ఉచ్చ పొయ్యకపోయినా వెంటనే తీసుకురండి” అంది.

మామయ్య వేడి పాలగ్లాసుని నానా తిట్లూ తిట్టి, ఫ్రిజ్‌లోకి తోసి, చల్లబడ్డాక బుజ్జగిస్తూ తాగించారు. పిల్లాడు తేరుకున్నాడు. కోడలి కోపం మాత్రం చల్లారలేదు. ఈ జబ్బు తెచ్చిందెవరు?

పగలు వాణ్ణి ఉంచే బేబీ కేర్ సెంటర్లో ఇంకా ముగ్గురు పిల్లలకి ఇదే జబ్బు. మేనేజరమ్మ తల్లిదండ్రుల్ని పిలిచింది. పిల్లాణ్ణి భర్తకి అప్పగించి కోడలు వెళ్లింది. మామయ్య వెంటబడ్డారు.

“ఎవరు అంటించారో ఇవాళ తేలాలి!” అని బల్ల గుద్దాడు ఒక పిల్ల తండ్రి. ఆయన అకౌంటెంటు.

“తేలడానికేముంది?” కోడలు లేచింది. “డైపర్లు మార్చేది ఈ ఆయా. తినిపించేదీ ఈవిడే. మధ్యలో చేతులు కడుక్కుంటోందో లేదో ఎవరు చూశారు?”

గోడవారగా నిలబడ్డ ఆయా తలెత్తింది. “కడుక్కుంటానమ్మా...”

“ఆ చేతులు జేబుల్లో ఎందుకు దాచావు? బయటికి తియ్యి!” అన్నాడు అకౌంటెంటు.

ఏప్రాన్ జేబుల్లోంచి చేతులు బయటికొచ్చాయి. అరచేతుల నిండా ఎర్రటి పొక్కులు.

“దొరికింది!” “ముందు ఈవిణ్ణి తీసెయ్యండి!” గది దద్దరిల్లింది. మేనేజరమ్మ చేసేదిలేక ఆయా వైపు తిరిగి, “రేపట్నుంచి నువ్వు...” అని మొదలుపెట్టింది.

“ఓరి దుర్మార్గుడా!”

అందరూ వెనక్కి తిరిగారు. మామయ్య ఆటబొమ్మల బుట్టలోంచి ఒక ప్లాస్టిక్ ఏనుగుని చెవి పట్టుకుని పైకి లేపారు. దాని తొండం నమిలి నమిలి పీచయిపోయింది.

“ఎంతమంది చప్పరించార్రా ఈ తొండాన్ని? ఒకడి నోట్లోంచి ఇంకొకడి నోట్లోకి ఊరేగుతూ కులాసాగా ఉన్నావా? పసివెధవల్ని మంచాన పడేసింది చాలక, వాళ్ల ముక్కు తుడిచి ముడ్డి కడిగిన పిల్లని కూడా వదల్లేదా? చూడు ఆ చేతులు! మా వాళ్లు పెరిగింది ఆ చేతుల్లోరా!”

ఎవరో కిసుక్కుమన్నారు.

“ఏమండీ, మధ్యలో ఈ ఏనుగేమిటండీ?” అన్నాడు అకౌంటెంటు.

“మీరుండండి సార్, వీడి సంగతి తేలాలి. ఆ పిల్ల తగ్గేదాకా ఇంట్లో పడుకోవాలా వద్దా? జీతం ఎవడిస్తాడ్రా, నువ్విస్తావా?”

ఇక నవ్వాపుకోవడం ఎవరివల్లా కాలేదు. అకౌంటెంటు కూడా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మేనేజరమ్మ కళ్లు తుడుచుకుంటూ, “ఏనుగెందుకులెండి, మేమే ఇస్తాం. తగ్గాక రామ్మా” అంది.

“విన్నావా? బతికిపోయావు పో!” అన్నారు మామయ్య ఏనుగుతో.

కోడలి నాలుక చివర ఇంకో మాట సిద్ధంగా ఉంది. అది అక్కడే ఆగిపోయింది. ఏ జబ్బూ లేనట్టు తిరిగే పిల్లల్లోంచి కూడా ఈ వైరస్ వారాల తరబడి బయటపడుతుంది. ముందు ఎవరు తెచ్చారో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఆయాకి పొక్కులున్నాయంటే ఆమెకీ అంటుకుందనే తప్ప ఆమే అంటించిందని కాదు. ఇదంతా చదివిందే. కోపంలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

“బొమ్మల్ని సబ్బుతో కడిగి, బ్లీచు కలిపిన నీళ్లతో తుడవాలి” అంది నెమ్మదిగా. “శానిటైజర్‌కి ఈ వైరస్ అంత తేలిగ్గా లొంగదు. డైపర్ మార్చాక సబ్బుతో చేతులు కడగాలి. ఇంట్లో మనం కూడా.” తర్వాత ఆయా దగ్గరికి వెళ్లింది. “నీకు నోట్లో కూడా పుళ్లున్నాయా? చల్లటివి తాగు. నేనలా అనకుండా ఉండాల్సింది.”

తిరుగుదారిలో మామయ్య చంకలో సంచీ. సంచీలో ఏనుగు. దాన్ని తన చేత్తోనే కడగాలని పట్టుబట్టి తెచ్చుకున్నారు.

“ఆవిడ చేతులు మీరు ముందే చూశారు కదూ?”

“గుమ్మంలోనే చూశాను.”

“మరి తప్పు మాట్లాడింది నేనైతే ఏనుగుని తిట్టారేం? నన్నే ఒక మాట అనొచ్చుగా?”

“నిన్నంటే నాలుగు రోజులు మొహం మాడ్చుకుంటావు. వీణ్ణి చూడు, అన్ని తిట్లు తిని కూడా ఎలా నవ్వుతున్నాడో!”

ఇప్పుడు ల్యాబులో ఎవరు ఏం ఒలకబోసినా కోడలు వెళ్లి టెస్ట్‌ట్యూబుల స్టాండు మీద విరుచుకుపడుతుంది. తోటివాళ్లు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ రోజు నడుస్తూ నడుస్తూ మామయ్య చెప్పింది ఇదే:

“కోపమొస్తే తిట్టమ్మా, దాచుకోకు. కాకపోతే, కడిగితే శుభ్రపడేదాన్ని చూసుకుని తిట్టు.”