బూడిద వేళ్లు పడిన బొమ్మ

మా మనవరాలు టీవీలో దెయ్యాల సినిమా పెట్టుకుని, భయమేస్తే దుప్పటి ముసుగేసుకుంటుంది, నవ్వొస్తే తీసేస్తుంది. పక్కన కూర్చుని నేనూ నవ్వుతాను. నా చిన్నప్పుడు భయం అలా మీట నొక్కితే పోయేది కాదు. ఎవరికి జ్వరం తగ్గకపోయినా ఎవరో చేతబడి చేసి చిల్లంగి పెట్టారనేవారు, ఊళ్లో ఒంటరిగా బతికే ముసలమ్మ ఇంటివైపు చూసేవారు. రాత్రిళ్లు జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలో మంత్రగత్తె వస్తే పిల్లలం అమ్మ కొంగులో దూరేవాళ్లం. తర్వాత గుడారాల్లో సినిమాలు వచ్చాయి. వాటిలో ఎగిరే మాంత్రికులు, మాట్లాడే పుర్రెలు ఉండేవి. అరవైల చివరికొచ్చేసరికి ఆ పుర్రెలే కాగితం మీదికి దిగి మా జీడి షెడ్డుకి కూడా వచ్చాయి.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి ఊరు మాది. కాల్చిన జీడిపిక్కల్ని చెక్క సుత్తితో కొట్టి పప్పు తీయడం మా పని. పెంకులోంచి కారే జీడి నూనె తగిలితే చెయ్యి పొక్కిపోతుంది. అందుకని ఒక్కొక్కరి ముందూ పళ్లెంలో బూడిద ఉండేది. అందులో వేళ్లు అద్దుకుంటూ కొట్టేవాళ్లం.

యజమాని కోడలు ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. రాజాం నుంచి తెప్పించుకున్న పిల్లల మాసపత్రిక పట్టుకుని, మధ్యాహ్నం అంబలి తాగాక మా మధ్యకొచ్చి సీరియల్ చదివేది. "అప్పుడు పుర్రె పలికింది" అనగానే సుత్తులన్నీ ఆగిపోయేవి. బయట యజమాని దగ్గేవాడు. మళ్లీ టకటకలు మొదలయ్యేవి.

ఒక నెల ఆ అమ్మాయి చెల్లెలి పెళ్లికని విజయనగరం వెళ్తూ, కొత్త సంచిక నా చేతిలో పెట్టింది. మా నాన్న మిషన్ బడిలో గంట కొట్టేవాడు. అందుకని నాకు చదువొచ్చని అందరూ అనుకునేవారు. ఆ బడి ఊడ్చాను గానీ అందులో కూర్చోలేదు. ఆ మాట అత్తారింట్లో ఎవరికీ చెప్పలేదు, షెడ్డులోనూ చెప్పలేదు. అప్పటికి నాకు ముప్పై దాటాయి.

"సదువప్పా, బొట్టెట్టి పిలవాలేటి నీకు?" అన్నారు షెడ్డులో ఆడోళ్లంతా.

పుస్తకం తెరిచాను. బొమ్మలో జుట్టు విరబోసుకున్న ముసలమ్మ పొయ్యి మీద కుండ కలుపుతోంది. పక్కన పుర్రె, కింద పడిపోయి ఉన్న రాకుమారుడు. ఇంకేముంది, మంత్రగత్తె. రాకుమారుడి నెత్తురు మరగబెడుతోందని గొంతు వణికిస్తూ చదివాను. సుత్తులు ఆగాయి. ఆ నిశ్శబ్దం నాకు తలకెక్కింది. "ఆమె ఒక కంట్లో తెల్లటి పువ్వు ఉంది" అని కూడా కలిపాను.

బొమ్మలో పువ్వు లేదు. అది నా ఎదురుగా కూర్చున్న ముసలమ్మ కంట్లో ఉంది. కళింగపట్నం వైపు మనిషి ఆవిడ. మొగుడు సముద్రంలో పోయాక ఒక్కతే మా ఊరొచ్చి బతుకుతోంది. మా చేతులు పొక్కితే ఏవో ఆకులు నూనెలో మరగబెట్టి రాసేది.

మర్నాడు ఆవిడ పక్కనున్న పీటలు దూరం జరిగాయి. కొత్తగా పనికొచ్చిన పెళ్లికూతురికి అరచెయ్యంతా పొక్కితే, ముసలమ్మ మందు గిన్నె తెచ్చింది. "వొద్దత్తా, అదే తగ్గిపోతాది" అని ఆ పిల్ల చెయ్యి వెనక్కి దాచుకుంది. మూడోనాటికి ఎవరో, ముసలమ్మది చిల్లంగి చెయ్యని షెడ్డు మేస్త్రీతో చెప్పారు. "ఈ వారం సూసి మానిపించేస్తాను" అన్నాడు మేస్త్రీ.

ఆ సాయంత్రం ముసలమ్మ నా దగ్గరకొచ్చి, "ఏటే, నీ పుస్తకంలో నాను కూడా ఉన్నానేటి?" అని నవ్వింది. నేను పీట, సుత్తి సర్దుకుని ఇంటికొచ్చేశాను.

వారం ఆఖరున కోడలు పిల్ల తిరిగొచ్చింది. "ఎంతదాకా అయింది కథ?" అనడిగింది.

"ముసల్ది రాకుమారుడి నెత్తురు మరగబెట్టీసినాది కదా, అక్కడికి!" అన్నారు అందరూ.

ఆ అమ్మాయి తెల్లబోయి పుస్తకం తిరగేసింది. బొమ్మ మీద నా బూడిద వేళ్లు అచ్చుపడ్డాయి. అక్షరాలున్న పేజీలు మాత్రం మచ్చ లేకుండా తెల్లగా ఉన్నాయి. నా వైపు చూసింది. అర్థమైపోయింది ఆమెకి. "నేనే ఏదో మర్చిపోయుంటాను" అని పేజీ తిప్పబోయింది. నా పరువు కాపాడుతోంది. నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ మూలకి జరిగిపోయిన ముసలమ్మ తన పళ్లెంలో బూడిద సంచిలోకి ఒంపుకుంటోంది, ఇక రానన్నట్టు.

"తిప్పకమ్మా. నాకు సదువు రాదు. బొమ్మ సూసి సెప్పినాను. కంట్లో పువ్వు కూడా నానే పెట్టినాను. ఉన్నది ఉన్నట్టు సదువు" అన్నాను.

ఆమె చదివింది. ముసలమ్మ మరిగిస్తున్నది ఆకు పసరు. ఆ పుర్రె ఆమె కొడుకుది, మాంత్రికుడి చేతిలో చచ్చిపోయిన కొడుకుది. పరాయి తల్లి బిడ్డయినా బతకాలని రాకుమారుడికి మందు కాస్తోంది.

ఈసారి సుత్తులు ఆగినా యజమాని దగ్గలేదు.

"ఏ ఆకు ఏసినాదో రాసినారేటి?" అంది మూల నుంచి ముసలమ్మ.

"రాయలేదు పిన్నీ."

"ఎలగ రాస్తారు, మొగోళ్లు రాసుంటారు."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. పెళ్లికూతురు లేచెళ్లి చెయ్యి చాపింది. ముసలమ్మ ఆ చేతిని కాసేపు పట్టుకుని చూసి, "దాసుకున్నావు కదే, ఇప్పుడు సూడు, రసి పట్టీసినాది" అని తిడుతూ మందు రాసింది. మేస్త్రీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నన్ను మాత్రం నెలల తరబడి వదల్లేదు. "మిషను పంతులమ్మా, ఈ పిక్క మీద ఏటి రాసుందే?" అనేవారు. నాకు కోపం వచ్చేది కాదు. వాళ్లు నవ్వుతుండగానే కోడలు పిల్ల నా పళ్లెంలో బూడిద చదును చేసి, వేలితో అక్షరం గీసేది. నేను దాని మీద దిద్దేదాన్ని, చెరిపేసి మళ్లీ రాసేదాన్ని. వేళ్లకి ఎలాగూ బూడిద కావాలి కదా, పని ఆగేది కాదు.

మళ్లీ వానలు పడేసరికి ఆ పాత సంచిక అడిగి తీసుకున్నాను. ముసలమ్మ పీట జరుపుకుని నా పక్కకొచ్చింది.

"ఉన్నదే సదువుతన్నావా, కడుపులోంచి తీస్తన్నావా?"

ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చూపిస్తూ చదివాను. ఆ పేజీ అయ్యేసరికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. అప్పటికి అది కూడా బూడిద బూడిదైపోయింది.